గోడ కింది మట్టి

ఆళ్లగడ్డ,
5 మార్చి 2000

ప్రియమైన భార్గవి అక్కకు,

నీ తమ్ముడు శ్రీశైలం కోపంగా రాస్తున్న ఉత్తరం ఇది. కోపం నీ మీద కాదు. నాయన మీద, కొంచెం గవర్నమెంటు మీద.

నిన్న అంగట్లో గిరాకీలందరి ముందర నాయన నా చేతిలో పుస్తకం లాక్కున్నాడు. మట్టి ఇటుకల మీద అనంతపురం దిక్కు సంస్థ ఒకటి వేసిన చిన్న పుస్తకం అది. పైకెత్తి అందరికీ చూపించి, "సూడండప్పా! భాస్కరయ్య సిమెంటు అమ్ముతాడంట, భాస్కరయ్య కొడుకు సిమెంటు వద్దంటాడంట. రేపు నేను మందుల అంగడి పెడితే వీడు ఊర్లో రోగాలే లేవంటాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ ఊరుకోలేదు. మన జిల్లా రాయిని తవ్వి, బొగ్గు పెట్టి కాల్చి, పొగ మన మీదికి వదిలి, పొడిని బస్తాకెత్తి మళ్ళీ మనకే అమ్ముతారు, కాళ్ల కింద మట్టి ఊరికే పడి ఉంటే మనం ఆ బస్తాకు దండం పెడతాం అన్నాను. "ముందు ఆ బస్తా మీద నుంచి లెయ్" అన్నాడు నాయన. అప్పుడు చూసుకుంటే నేను కూర్చున్నది సిమెంటు బస్తా మీదే.

మిగతా పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. గోడౌన్లో బస్తాల వెనక మన పగులు గుర్తుందా? బనగానపల్లె మామిడి టెంకలు దాచేవాళ్లం కదా, అదే. ఎండాకాలం అది నోరు తెరుస్తుంది, అరచెయ్యంత పుస్తకం లోపలికి పోతుంది. వానలు పడకముందే తీసుకోవాలి. పోయినేడు మరిచిపోతే గోడ మూసుకొని పట్టేసింది, మళ్ళీ ఎండలు వచ్చేదాకా వదల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఉయ్యాలవాడ రోడ్డులో మన అంగడి నుంచి సిమెంటు తోలించుకున్న కాలనీ ఉంది కదా, అక్కడ హన్నమ్మ అని ఒకామె. పత్తి ఏరడానికి పోతుంది. మొగుడు లేడు, పిల్లలు లేరు, రెండు మేకలున్నాయి. ఉండేది బోదగడ్డి కప్పిన కొట్టం. ఇన్నేళ్లకు ఆమె పేరు మీద గవర్నమెంటు ఇల్లు వచ్చింది. ఆ కాలనీలో ముందు కట్టిన ఇళ్లు చూశావా? ఎండాకాలం లోపల రొట్టెలు కాల్చుకోవచ్చు. అందరూ బయటే పడుకుంటారు. హన్నమ్మ ఇల్లు మట్టి ఇటుకలతో కట్టిస్తానని నేను మాటిచ్చాను. గంటసేపు చెప్పాను. అంతా విని, "ఆ తెల్వులన్నీ నాకొద్దు నాయనా. వాన లోపలికి రాకుంటే సాలు" అంది.

హౌసింగు ఏఈ మాత్రం ఒప్పుకోవడం లేదు. "మట్టి కొంపకు నేను బిల్లు రాయను. ప్లాను యాడుంది? ఇంజినీరు గీసిన కాగితం తే. ఇంకో మాట. మనిషికి ఇల్లు ఒక్కసారే. ఇది పడిపోతే ఆయమ్మకు మళ్ళా లేదు. నువ్వు పూచీ పడతావా?" అన్నాడు.

"పడతా" అన్నాను.

అక్కా, నువ్వు పాలిటెక్నిక్ చదివావు, కంప్యూటర్లో ఇళ్లు గీస్తున్నావు. నా దగ్గర ఉన్నవి కరపత్రాలు, నోరు. ఈ ఒక్క ఇల్లు గీసి పంపు. ఈ ఒక్కటి నిలబడితే నాయన నవ్వు, ఏఈ నవ్వు, అన్నీ ఆగిపోతాయి.

ఇట్లు,
బస్తా మీద నుంచి లేచిన నీ తమ్ముడు
శ్రీశైలం

*

నంద్యాల,
19 మార్చి 2000

ప్రియమైన తమ్ముడు శ్రీశైలానికి,

అక్క దీవెనలు. పిన్నమ్మ కూడా నీకు దీవెనలు చెప్పమంది, దానితో పాటు తల దువ్వుకోమని కూడా చెప్పమంది.

నీ ఇల్లు గీశాను. మా ఇంజినీరు సారు సైట్ల మీద తిరిగేటప్పుడు, వేరే పనుల మధ్యలో దొంగచాటుగా గీశాను. మా ఆఫీసులో కంప్యూటర్ సంగతి నీకు తెలియదు. దానికి ప్రత్యేకంగా గది, గదికి కర్టెను. చెప్పులు బయట విడిచి పోవాలి. శుక్రవారం దానికి కుంకుమ బొట్టు, అగరుబత్తి. ఇల్లు కట్టించుకునేవాళ్లు వచ్చి తెర చూసి చేతులు కట్టుకొని నిలబడతారు. మా సారు నోటితో చెబితే పది ప్రశ్నలు వేసేవాళ్లు, అదే మాట తెర మీద కనిపిస్తే నోరెత్తరు.

ఎట్లా గీశానో చెబుతాను. నువ్వు రాసిన స్థలం కొలతలు పెట్టి, ఇల్లును తెర మీదే గిర్రున తిప్పి చూశాను. పడమటెండ ఎక్కువ గోడకు తగలకుండా ఒక దిక్కుకు నిలబెట్టాను. కిటికీలు ఎదురెదురు పెట్టాను, గాలి దూరి పోయేట్టు. నీ మట్టి ఇటుకకు తగ్గట్టు గోడ మందం చేశాను. పైకప్పుకు దూలాలు, వాటి మీద నాపరాళ్లు. కాంక్రీటు ఎక్కడా లేదు, చూసుకో. కాగితం మీద ఇదంతా చెయ్యాలంటే ఎన్నిసార్లు చెరిపి గీయాల్సి వచ్చేదో! పునాది మాత్రం కొత్తగా గీయలేదు. మహానంది రోడ్డులో కట్టిన ఇళ్ల బొమ్మ ఒకటి కంప్యూటర్లో తయారుగా ఉంటే, అదే తెచ్చి అతికించాను. రెండు మీటలు నొక్కితే అయిపోయింది.

మా ప్రింటరుకు పెద్ద కాగితం పట్టదు. అందుకే నాలుగు కాగితాల మీద తీసి తుమ్మబంకతో అతికించాను. కింద మూలలో మా ఆఫీసు పేరు దానంతట అదే వస్తుంది. తీసేయాలనుకొని తీయలేదు. ఆ పేరుంటేనే మీ ఏఈ నమ్ముతాడు. మా సారుకు తెలిస్తే నా సంగతి ఏమవుతుందో అది వేరే కథ.

చుట్ట చుట్టి ఆళ్లగడ్డ బస్సు కండక్టరు యేసురత్నం చేతికిస్తే ఆయన ముట్టుకోలేదు. "ఏందీ పాపా ఇది? ఆళ్లగడ్డకు పొడుగ్గా చుట్టిండేది ఏదీ నా బస్సులో ఎక్కీను" అన్నాడు. విప్పి చూపించాల్సి వచ్చింది. "ఇల్లా? అట్లయితే సరే. ఇండ్లు ఎవురినీ సంపవు గదా" అని నవ్వి తీసుకున్నాడు.

జాగ్రత్త. నాయనతో పోట్లాడేటప్పుడు కనీసం బస్తాల మీద కూర్చోకు.

ప్రేమతో,
అక్క భార్గవి

*

ఆళ్లగడ్డ,
16 ఏప్రిల్ 2000

ప్రియమైన అక్కకు,

గెలిచాం!

నీ కాగితం పరిచేసరికి ఏఈ లేచి నిలబడ్డాడు. ఒట్టు, లేచి నిలబడ్డాడు. "కంప్యూటర్‌లో వచ్చిందా? ముందే చెప్పొద్దా అప్పా!" అన్నాడు. నెల రోజులు నేను గొంతు చించుకుంటే వినని మనిషి, అదే మాట సన్న గీతల్లో కనిపిస్తే సంతకం పెట్టేశాడు. నాకు సంతోషం వేసింది, ఆ వెంటనే మంట పుట్టింది. మనిషి మాటకు విలువ లేదు, మిషను నుంచి వచ్చిన కాగితానికి ఉంది. వీళ్లు దేనికైనా దండం పెడతారు, ఆలోచించడం ఒక్కటే చెయ్యరు!

సరే, తిట్లు తర్వాత. ఇటుకల మిషను అనంతపురం నుంచి తెచ్చాం. మీట లాగి వేలాడితే ఇటుక పుడుతుంది. రేగడి మట్టితో ఇటుక చేస్తే పగులుతుందని పుస్తకంలో ఉంది, అందుకే అహోబిలం దిక్కు నుంచి ఎర్రమట్టి తోలించాను. మట్టిని పిడికిట్లో నలిపి చూశాను, సీసాలో నీళ్లు పోసి తేల్చి చూశాను, ఎండిన ఇటుకను తల మీద నుంచి జారవిడిచి చూశాను, తొట్టిలో నానబెట్టి చూశాను. ఒక్కటి కరగలేదు. ఇంత పరీక్ష ఆళ్లగడ్డలో ఏ సిమెంటు బస్తాకైనా పెట్టారా?

మేస్త్రీ శాంతయ్య మంచివాడు, కానీ నమ్మకం తక్కువ. పునాది తీసేరోజు గడ్డపార ఆనించుకొని, "ఎంతవరకు పోదాం అప్పా? ఈ దిక్కు మేం సుద్ద తగిలేదాంక పోతాం" అన్నాడు. నల్లమట్టి అడుగున తెల్లగా గట్టిగా వస్తుంది చూడు, దాన్ని సుద్ద అంటారు. నేను నీ కాగితం విప్పి పునాది చూపించాను. నీ లెక్క అందులో సగం కూడా లేదు. ఆయన కాగితాన్ని, నన్ను, మళ్ళీ కాగితాన్ని చూసి, "కంప్యూటరే సెప్తాంటే ఇంగ మనమెవురం" అని గడ్డపార పక్కన పెట్టేశాడు. ఎంత రాయి మిగిలిందో, ఎంత చాకిరీ మిగిలిందో చూడు. వీళ్లు తాతలనాటి అలవాటు కొద్దీ భూమిలో పూడ్చిపెట్టే రాళ్లతో ఇంకో ఇల్లు కట్టొచ్చు.

హన్నమ్మ పాత కొట్టం పీకేశాం. దాని దూలం కొత్త ఇంటికి పనికొస్తుంది. ఇల్లు అయ్యేదాకా ఆమె చర్చి వసారాలో పడుకుంటోంది, మేకలతో సహా.

నువ్వు పంపిన వాటిలో ఇల్లు నిలువుగా కనిపించే బొమ్మ ఆమెకు చూపించాను. తలుపు, అరుగు, కిటికీలు అన్నీ గుర్తుపట్టింది. చాలాసేపు వెతికి, "అంతా బాగుండాది గానీ నాయనా, నేనేడుండా ఇందులో?" అని అడిగింది. నువ్వు చెప్పు.

ఇట్లు,
చేతులు బొబ్బలెక్కిన
శ్రీశైలం

*

నంద్యాల,
7 మే 2000

ప్రియమైన శ్రీశైలానికి,

హన్నమ్మను గీశాను. దీనితో పంపుతున్నాను.

మా కంప్యూటర్లో మనుషుల బొమ్మలు తయారుగానే ఉంటాయి. కానీ అందరూ చేతిలో పెట్టె పట్టుకొని ఎక్కడికో పోతున్న దొరలే. ఆడవాళ్లుంటే వాళ్లకు ఎత్తు మడమల చెప్పులు. అందుకే హన్నమ్మను ఒక్కొక్క గీతా కలుపుతూ నేనే గీశాను. నేనెప్పుడూ ఆమెను చూడలేదు, అందుకే ముఖం పెట్టలేదు. కొంగు నడుముకు దోపుకొని గడపలో నిలబడి ఉంది. పక్కన రెండు మేకలు. నిజం చెప్పాలంటే ఆ చీర కుచ్చిళ్లకు పట్టినంత సమయం ఇంట్లో ఇంకే భాగానికీ పట్టలేదు.

మా సారు మొన్న ప్రింటరు దగ్గర కాగితాలు తొందరగా అయిపోతున్నాయేమని అడిగాడు. నేను దగ్గొచ్చినట్టు నటించాను.

అమ్మకు ఉత్తరం రాయడం లేదని కోపమంట. ఆమెకు చెప్పు, నా ఉత్తరాలన్నీ నీ కోపానికి జవాబులు రాయడానికే సరిపోతున్నాయని.

ప్రేమతో,
అక్క

*

ఆళ్లగడ్డ,
18 జూన్ 2000

ప్రియమైన అక్కకు,

కార్డు ముక్కే దొరికింది, సంతోషం ఇందులో పట్టదు. పైన నాపరాళ్లు పరిచాం. హన్నమ్మ మేకలతో లోపలికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం లోపల కూర్చొని, "కొత్తకుండలో ఉన్నట్టుండాది నాయనా" అంది. పక్కింటి సిమెంటు ఇళ్లవాళ్లు సాయంత్రమైతే ఈమె అరుగు మీదే చేరుతున్నారు. నువ్వు గీసిన బొమ్మను అన్నం మెతుకులతో లోపలి గోడకు అతికించింది. వచ్చినవాళ్లందరికీ చూపించి "నేను ఈడుండా" అంటోంది. నాయన ఉయ్యాలవాడ బస్సులో పోతూ కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడంట. చూడనీ! ఇంకా వాన పడలేదు. పడనీ!

శ్రీశైలం

*

ఆళ్లగడ్డ,
23 జులై 2000

అక్కా,

వాన పడింది.

నాలుగు దినాలు విడవకుండా పడింది. ఐదో దినం హన్నమ్మ మనిషిని పంపింది. పోయి చూశాను. పడమటి మూలలో, నేల దగ్గర మొదలై కిటికీ దాకా, మెట్లు మెట్లుగా పగులు. నా వేళ్లు దూరుతున్నాయి. అవతలి వెలుతురు కనిపిస్తోంది. ఒక్క ఇటుక కూడా విరగలేదక్కా, కరగలేదు. ఇటుకకూ ఇటుకకూ మధ్యలో గోడ విడిపోయింది. ఆ మూలంతా ఎవరో కిందనుంచి భుజంతో పైకెత్తినట్టుంది. తలుపు పట్టడం లేదు. నాపరాయి ఒకటి జారి ఇంత ముందుకొచ్చి నిలబడింది.

కాలనీ అంతా వచ్చింది. "ఏమప్పా, నీ కరపత్రం ఇల్లు కాళ్లు సాపుతాండాదే!" అని ఒకడు. "నిలబడి నిలబడి నొప్పి పుట్టింటాది లే" అని ఇంకొకడు. వాడి గొంతు పట్టుకున్నాను. విడిపించారు. ఎవరిని కొట్టి ఏం లాభం!

హన్నమ్మ నన్ను తిట్టలేదు. మేకలను విప్పుకుపోయి బయట కట్టేసి వచ్చింది. అంతే. ఆమె మళ్ళీ లోపలికి పోయి కూర్చుంది, మేకలు మాత్రం బయట.

ఏఈకి కబురు పోయింది. వచ్చి చూసి పనికిరాదని రాస్తే అయిపోయింది, ఆమెకు ఈ జన్మలో మళ్ళీ ఇల్లు లేదు. పాత కొట్టం నేనే పీకించాను. పూచీ పడతానని నేనే అన్నాను. పూచీ అంటే ఏమిటక్కా? నా దగ్గర ఏముంది ఇవ్వడానికి?

నా తల పగిలిపోతోంది. మట్టిని చూశాను, ఇటుకను చూశాను, దూలాన్ని చూశాను. ఎక్కడ తప్పు? ఒక్కటే అడుగుతాను, నాకు జవాబు రాయి. నువ్వు గీసేటప్పుడు కంప్యూటర్ నేలను చూసింది కదా? గోడ బరువు ఎంత, నేల ఎంత మోస్తుంది, వాన వస్తే ఏమవుతుంది, ఇవన్నీ లెక్క కట్టిన తర్వాతే కదా అది గీత గీస్తుంది? అది నేలను అడిగింది కదా అక్కా?

ఈ ఉత్తరం అందగానే రాయి. యేసురత్నం చేతికివ్వు, నేను బస్టాండులో కాచుకొని ఉంటాను.

శ్రీశైలం

*

బనగానపల్లె,
17 ఆగస్టు 2000

భార్గవికి,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. రెండు ఉత్తరాలు రాశాను. ప్రతి దినం బస్టాండుకు పోయాను. యేసురత్నం నన్ను చూస్తూనే దూరం నుంచే చెయ్యి ఊపేవాడు, ఏమీ లేదని. చివరకు ఆయనే తల తిప్పుకోవడం మొదలుపెట్టాడు.

నువ్వు కూడా వాళ్లలో కలిసిపోయావు. ఇల్లు పగిలితే నీ పేరు, మీ ఆఫీసు పేరు బయటికి వస్తుందని భయం. ఉండు, చెప్పులు విడిచి పోయే ఆ గదిలోనే ఉండు. అగరుబత్తి వెలిగించుకో. పేదవాళ్ల ఇళ్లు మీకు సరదా. పది దినాలు గీసుకొని, పగిలితే కర్టెను వేసుకుంటారు.

నా సంగతి ఏమైందో విను. నాయన దగ్గరికి పోయాను. ఆయన లెక్క రాసుకుంటూ తల ఎత్తలేదు. హన్నమ్మకు సిమెంటు ఇల్లు కట్టించమని అడిగాను. బతిమాలాను అంటేనే నిజం. "కట్టిస్తా. అంగడి సొమ్ముతోనే కట్టిస్తా. ఆ దిష్టిబొమ్మ ఉన్నంతకాలం నా పేరు పోతాండాది, సోమవారం ట్రాక్టరు, పనోళ్లు పోతారు, దాన్ని తీసేస్తారు. నువ్వు మాత్రం ఈ గల్లా ముందర కూర్చోవాల. సచ్చేదాంక కూర్చోవాల. మట్టి అనే మాట నీ నోట్లో వినపడగూడదు" అన్నాడు.

సరే అన్నాను.

చేతిలో ఉన్న పుస్తకాలు పొయ్యిలో వేశాను. అమ్మ ఆ మంట మీదే కాఫీ కాచింది, నాకు తెలియకుండా ఏడ్చింది. మిగిలినవి గోడౌను పగుల్లో ఉండిపోయాయి. వానకు గోడ మూసుకుంది, లాగితే రాలేదు. ఉండనీ. వాటికి అదే మంచి సమాధి.

ఇల్లు కూలగొడుతుంటే చూడలేను. అందుకే ఇక్కడికి వచ్చేశాను. నాపరాళ్లు పాలిషు పట్టే చోట నాకు తెలిసినవాడున్నాడు, వాడి దగ్గర పడి ఉన్నాను. మిషను రొదలో ఏమీ వినపడదు, అది ఒక్కటే సుఖం. సోమవారం పోయాక వచ్చి గల్లా ముందర కూర్చుంటాను. నా బతుకు ఇంతే.

ఈ ఉత్తరానికైనా జవాబు రాస్తావని కాదు. నువ్వు రాయకపోవడం నాకు తెలిసిందని నీకు తెలియాలని రాస్తున్నాను.

శ్రీశైలం

*

హన్నమ్మ ఇంటి నుంచి,
24 ఆగస్టు 2000

ప్రియమైన తమ్ముడు శ్రీశైలానికి,

పైన రాసింది మళ్ళీ చదువుకో. నేను హన్నమ్మ ఇంట్లో, పడమటి మూలకు ఎదురుగా కూర్చొని రాస్తున్నాను. ఇల్లు ఉంది.

నీ జులై ఉత్తరం నాకే అందింది, తర్వాతవి పిన్నమ్మకు అందాయి. ఆమె అన్నీ కలిపి కట్ట కట్టి యేసురత్నం చేతికిచ్చింది. ఆయన ఆళ్లగడ్డలో ఉయ్యాలవాడ బస్సు ఎక్కి, కాలనీ దగ్గర దిగి వచ్చి ఇచ్చాడు. "పాపా, ఆ పిల్లోడు బస్టాండులో ఆ నిలబడేది నాకు సూడలేకుండె" అన్నాడు. నేనిక్కడ ఉన్నానని పిన్నమ్మకు ఒక్కదానికే తెలుసు, ఎవరికీ చెప్పొద్దన్నాను, ఆయనకు కూడా మొన్నటిదాకా తెలియదు.

నువ్వు అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అది నేలను అడగలేదు. నీ జులై ఉత్తరం రాగానే కంప్యూటర్ తెరిచి పునాది చూశాను. మహానంది రోడ్డులో గరుసు నేల, గడ్డపార దిగదు. ఆ నేలకు గీసిన పునాది అది. అది తెచ్చి మీ నల్లరేగడిలో పెట్టాను. కంప్యూటర్ నేను చెప్పిన గీతే గీస్తుంది, ఇంకేం చెయ్యదు. నేల సంగతి నువ్వు చూసుకుంటావని నేననుకున్నాను. కంప్యూటర్ చూసుకుందని నువ్వనుకున్నావు. శాంతయ్య తాను అన్న మాటను కాగితం చూసి మింగేశాడు. ఏఈ లేచి నిలబడ్డాడని ఎగతాళి చేశావే, మనం కూర్చొనే దండం పెట్టాం.

ఆ దినమే మా సారుకు అంతా చెప్పాను. ఆయన అరవలేదు. ఆఫీసు పేరున్న కాగితాలు తెచ్చి చించి వేయమన్నాడు, రేపటి నుంచి రావద్దన్నాడు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే నాకు ఎక్కడికి పోవాలో తోచలేదు. మన ఇంటికి పోతే అమ్మ ఏడుస్తుంది, నాయన అరుస్తాడు, ఆ గొడవలో ఈ ఇల్లు పడిపోతుంది. అందుకే ఆళ్లగడ్డ దాటి ఇక్కడికే వచ్చాను. నిన్ను కలుస్తాననుకున్నాను. నువ్వు ఇటు రావడం మానేశావని హన్నమ్మ చెప్పింది. నీకు రాయాలని కూర్చున్నప్పుడల్లా ఈ పగులు కనిపించేది, ఏమని రాయాలో తెలిసేది కాదు. ఇల్లు నిలుస్తుందని రాయాలా, పడిపోతుందని రాయాలా?

పగులు ఇంకా కదులుతోందో, ఆగిందో తెలుసుకోవడానికి దాని మీద అడ్డంగా గాజుముక్క అతికిస్తారు. గోడ కదిలితే గాజు విరుగుతుంది. ఇక్కడ గాజు ఎక్కడ దొరుకుతుంది? హన్నమ్మ తన అద్దం తెచ్చి ఇచ్చింది. దాన్ని ముక్కలు చేశాం. మొదటి ముక్క ఆ వారంలోనే విరిగింది. రెండోది విరగడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. ఇప్పుడు ఉన్నది మూడోది.

సోమవారం నాయన వచ్చాడు. వెనక ట్రాక్టరు నిండా పనివాళ్లు, గడ్డపారలు. గడపలో నన్ను చూసి ఆయన ముఖం నల్లబడింది. నా చేతులకు మోచేతుల దాకా మట్టి.

"నువ్వీడేం చేస్తాండావే?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపు హన్నమ్మ నన్ను పక్కకు జరిపి గడపలో నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది. "సెట్టయ్యా, ఇది ఎవురిల్లు?" అంది.

"నీదే లేమ్మా. దీన్ని తీసేసి నీకు గట్టి ఇల్లు కట్టిస్తా. మావాడు ఒప్పుకున్నాడు."

"మీవోడు ఒప్పుకున్నాడు, మీరు ఒప్పుకున్నారు. నన్నెవురన్నా అడిగినారా? కట్టేటప్పుడు ఆ పిల్లోడు గంటసేపు సెప్పినాడు గానీ నన్నొక మాట అడగల్యా. పడగొట్టేకి మీరొచ్చినారు, మీరూ అడగల్యా. నేనేమన్నా మేకనా సెట్టయ్యా, యాడ కట్టేస్తే ఆడ ఉండేకి?"

శ్రీశైలం, ఆ మాట విని పనివాళ్లు ట్రాక్టరు దిగలేదు. నీకు కోపం వస్తుందేమో, కానీ ఆమె అన్నది నిజం. నువ్వు ఆమె ఇంటిని బేరం పెట్టి వచ్చావు, ఆమెకు చెప్పకుండా. దానికి బదులు నీ బతుకును ఇచ్చేశావు, అదీ ఆమె అడగలేదు.

అప్పుడు నాకు మన గోడౌను గుర్తుకొచ్చింది. ఆ క్షణం దాకా గుర్తుకు రాలేదంటే నమ్ముతావా? "నాయనా, మన గోడౌను ఏ సిమెంటుతో కట్టినారు?" అని అడిగాను.

"ఏం, మన అంగడి సిమెంటే" అన్నాడు.

"మరి బస్తాల వెనక ఆ పగులు ఎట్లా వచ్చింది?"

ఆయన పనివాళ్ల వైపు ఒకసారి చూశాడు, వాళ్లు విన్నారేమోనని. గిరాకీలకు కనపడకూడదనే ఇన్నేళ్లుగా అక్కడ బస్తాలు పేరుస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఎండకు తెరుచుకొని వానకు మూసుకునే పగులు, తమ్ముడా! రేగడి ఎండితే కుంగుతుంది, తడిస్తే ఉబ్బుతుంది, ఆ పైన ఉన్న గోడ మట్టిదా సిమెంటుదా అని అది చూడదు. మనిద్దరం చిన్నప్పటి నుంచి దాంట్లో చేతులు పెట్టి ఆడుకున్నాం. నేల గురించి తెలియాల్సినదంతా ఆ గోడ ఏటేటా చెబుతూనే ఉంది. నువ్వు మట్టి పుస్తకాలు దాన్లోనే దాచావు. అది చెప్పేది మాత్రం చదవలేదు. నేనూ చదవలేదు.

నాయన రోడ్డు మీదికి పోయి వచ్చిన బస్సు ఎక్కాడు. ట్రాక్టరును తీసుకుపొమ్మని ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయాడో, వదిలిపోయాడో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. పనివాళ్లు నడుచుకుంటూ పోయారు, అదింకా అరుగు ముందరే ఉంది.

ఏఈ కూడా వచ్చి పోయాడు. పగులు చూసి కాగితం తీశాడు. తప్పు ఇటుకది కాదు, నేను గీసిన పునాదిదని చెప్పాను. కంప్యూటర్ తప్పు చేస్తుందా అని ఆయన నన్ను వింతగా చూశాడు. హన్నమ్మ గడపలో నుంచి జరగలేదు. చివరకు, "వానలు పోయినాంక వస్తా. నిలబడి ఉంటే ఉన్నట్టు రాస్తా, పడిపోయుంటే పడినట్టు రాస్తా" అని పోయాడు.

కాబట్టి ఉన్నది ఈ వానాకాలమే. ఆ మూల మీది నాపరాళ్లు దింపి, దూలానికి కింద గుంజలు ఆనించాం. రేపటి నుంచి శాంతయ్య ఆ మూలన కొంచెం కొంచెంగా సుద్ద దాకా తవ్వి, నల్లమట్టి తీసి, రాయీ గరుసూ నింపుతాడు. ఈసారి కాగితం చూపిస్తే గడ్డపారతో కొడతానన్నాడు. ఇంటి చుట్టూ వాననీళ్లు గోడ దగ్గర ఇంకకుండా వాలుగా రాతి పరుపు వెయ్యాలి. నువ్వింకా ఊరికి రాలేదని యేసురత్నం చెప్పాడు. నువ్వు పడి ఉన్న చోట పాలిషు పట్టగా మిగిలిన నాపరాళ్ల ముక్కలు గుట్టలుగా పారేస్తారు కదా. అక్కడ పడుకొని ఏడవకు. వాటిని ఏదైనా లారీకెత్తించుకొని రా.

ఇల్లు నిలుస్తుందని నేను చెప్పలేను. తవ్వేటప్పుడే ఆ మూల కూలిపోవచ్చునని శాంతయ్య అంటున్నాడు. చర్చి వసారాకు పొమ్మంటే హన్నమ్మ వినడం లేదు. నువ్వు వస్తే తిడుతుందేమోనని భయపడుతున్నావేమో, ఆమె మాటనే రాస్తున్నాను: "తిట్టాలంటే మనిషి ఎదురుగా ఉండాల గదా పాపా. ఆయప్పను బేగా రమ్మను. శానా ఉండాది."

గోడ మీద నువ్వు తెచ్చి ఇచ్చిన నా బొమ్మ ఇంకా ఉంది. వానకు చెమ్మగిల్లి ముడతలు పడింది, అందులో హన్నమ్మకు ముఖం లేదు. దానికి రెండడుగుల దూరంలో పగులు, పగులు మీద అద్దం ముక్క. ఇంట్లో ఇంకో అద్దం లేదు కాబట్టి పొద్దున్నే ఆమె దాంట్లోనే చూసి తల దువ్వుకుంటుంది. సగం ముఖమే కనిపిస్తుంది.

ఉత్తరం ముగిద్దామనుకుంటుండగా ఉయ్యాలవాడ దిక్కు నుంచి మబ్బు వచ్చేసింది. నాపరాళ్ల మీద చినుకులు మొదలైనాయి. మేకలు లోపలికి వచ్చాయి. హన్నమ్మ పోయి అద్దం ముక్కకు ఎదురుగా నిలబడింది. ఈసారి తల దువ్వుకోవడానికి కాదు. ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

ఇప్పటికింకా విరగలేదు. బయలుదేరు.

నీ కోసం గడపలో,
అక్క భార్గవి